సైకిల్ టైరులో ఎంత గాలి ఉండాలి? మీకు మీరే తేల్చుకోండి

పంపు పట్టుకునే ముందు టైరు పక్కన అచ్చయిన అక్షరాలు ఒకసారి చదవండి. గరిష్ఠం 95 పీఎస్ఐ అనో, 50 నుంచి 85 అనో ఉంటుంది. పీఎస్ఐ అంటే గాలి ఒత్తిడికి ఒక కొలత. చాలామంది ఆ పెద్ద అంకెనే లక్ష్యంగా పెట్టుకుని, పంపు ముల్లు అక్కడికి చేరేదాకా కొడతారు. అది సలహా కాదు, హద్దు. ఇంతకు మించితే పూచీ మాది కాదని కంపెనీ చెప్పుకునే మాట. మీ బరువు యాభై కిలోలైనా తొంభై కిలోలైనా, వెనక సంచుల నిండా సామాను ఉన్నా, ఖాళీగా తొక్కుతున్నా ఆ అంకె మారదు. మీకు ఎంత గాలి సరిపోతుందో చెప్పడం దాని పని కానే కాదు.

ఆ పని మీరే చేసుకోవచ్చు. ఒక పూట కేటాయిస్తే చాలు. కొలత చూపించే నిలువు పంపు, మిల్లీమీటర్ల వరకు కొలిచే కాలిపర్ లేదా స్కేలు, మనుషుల బరువు తూచే యంత్రం, ఒక నోటుపుస్తకం, సాయానికి ఒక మనిషి ఉండాలి. ఆ మనిషికి సైకిళ్ల మీద ఆసక్తి లేకపోతే మరీ మంచిది. ఎందుకో తర్వాత చెబుతాను.

గట్టి టైరు నిజంగా వేగంగా పోతుందా?

ఈ సందేహం ముందు తీరకపోతే మిగతా పని మీద మనసు నిలవదు. టైరు ఎంత గట్టిగా ఉంటే అంత వేగమని సైక్లిస్టులు చాలాకాలం నమ్మారు. పోటీల్లో 23 మి.మీ. టైర్లలో 8 బార్ (సుమారు 116 పీఎస్ఐ) వరకు గాలి కొట్టి తొక్కేవారు. దానికి ఆధారమూ ఉండేది. ప్రయోగశాలలో నున్నటి ఉక్కు డ్రమ్ము మీద టైరును తిప్పి చూస్తే, గాలి పెంచిన కొద్దీ దొర్లడానికి ఎదురయ్యే నిరోధం తగ్గుతూనే పోతుంది. లెక్కలో తప్పు లేదు. కానీ మనం తొక్కేది ఉక్కు డ్రమ్ము మీద కాదు. పైగా ఆ డ్రమ్ము మీద కూర్చునే మనిషి ఉండడు.

అమెరికాలోని సియాటెల్ నుంచి 2002లో ‘వింటేజ్ బైసికిల్ క్వార్టర్లీ’ పేరుతో ఒక చిన్న పత్రిక మొదలైంది. తర్వాత పేరులోంచి వింటేజ్ తీసేసి ‘బైసికిల్ క్వార్టర్లీ’గా మారింది. పాత ఫ్రెంచి సైకిళ్లు, దూర ప్రయాణాలు, హ్యాండిల్ ముందు కట్టే సంచులు వంటి విషయాలు ఇష్టపడే కొద్దిమంది కోసం వచ్చిన పత్రిక అది. దాని సంపాదకుడు యాన్ హైనే బృందం 2006 నుంచి టైర్లను నిజమైన రోడ్డు మీద, మనిషిని కూర్చోబెట్టి పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. వాలు మీంచి తొక్కకుండా దొర్లుతూ సమయం కొలవడం, పవర్ మీటర్ బిగించి ఒకే వేగానికి ఎంత శక్తి ఖర్చవుతోందో చూడడం వాళ్ల పద్ధతులు. హైవే అంచున డ్రైవర్లను మేల్కొలపడానికి చెక్కే గాడుల మీద కూడా తొక్కి చూశారు. పక్కనే ఉన్న నున్నటి రోడ్డుతో పోల్చితే ఆ గాడుల మీద అదే వేగానికి ఎంతో ఎక్కువ శక్తి కావలసి వచ్చింది.

ఎందుకంటే టైరు దగ్గర నష్టం రెండు విధాలుగా జరుగుతుంది. నేలను తాకినచోట టైరు వంగుతుంది, ముందుకు దొర్లాక మళ్లీ నిక్కుతుంది. వంచడానికి పెట్టిన శక్తిలో కొంత వేడిగా పోతుంది. గాలి పెంచితే ఈ నష్టం తగ్గుతుంది. డ్రమ్ము మీద కనిపించేది ఇదొక్కటే. రెండోది రోడ్డు మీదనే తెలుస్తుంది. టైరు మింగలేని ప్రతి ఎగుడుదిగుడూ సైకిల్‌నూ మిమ్మల్నీ పైకి ఎగరేస్తుంది. మీ కండరాలు, కొవ్వు, పేగులు అన్నీ అదురుతాయి. ఆ అదురుకు ఖర్చయ్యే శక్తి ఎక్కడినుంచో రాదు, మీ కాళ్లలోంచే వస్తుంది. గాలి పెంచితే ఈ రెండో నష్టం పెరుగుతుంది. ఒకటి తగ్గుతుంటే ఇంకొకటి పెరుగుతుంది కాబట్టి, మధ్యలో చాలా వెడల్పైన ఒక మేర అంతటా వేగం దాదాపు ఒకేలా ఉంటుంది.

ఆ పత్రిక సంపాదకుడు టైర్ల వ్యాపారం కూడా చేస్తాడు కదా, వెడల్పు టైర్లు అమ్ముకోవడానికే ఇదంతా అని వాదించేవాళ్లు సైక్లిస్టుల్లో ఎప్పుడూ ఉన్నారు. అనుమానం న్యాయమైనదే. అయితే పంపులు తయారు చేసే సిల్కా సంస్థకు చెందిన జాష్ పోర్ట్‌నర్ వేరే దారిలో కొలిచి ఇంచుమించు ఇదే చోటికి వచ్చాడు. ఆయన లెక్కలో ఒక తేడా ఉంది. గాలి పెంచుతూ పోతే కొంతవరకు నిరోధం మెల్లగా తగ్గుతుంది, ఒక స్థాయి దాటగానే గభాలున పెరుగుతుంది. రోడ్డు ఎంత గరుకైతే ఆ స్థాయి అంత కిందికి దిగుతుంది. అంటే కావలసిన దానికంటే కాస్త తక్కువ కొడితే పోయేది కొంచెమే, కాస్త ఎక్కువ కొడితే పోయేది చాలా ఎక్కువ. ఈ రెండు అభిప్రాయాల మధ్య సన్నటి గీతల మీద గంటల తరబడి వాదించుకోవచ్చు. కానీ పంపు దగ్గర నిలబడ్డ మనిషికి రెండూ చెప్పేది ఒకటే: అనుమానం ఉంటే తక్కువ వైపు మొగ్గండి.

మరి గట్టి టైరు మీద దూసుకుపోతున్నట్టు ఎందుకు అనిపిస్తుంది? వేగం పెరిగితే చేతులకు అందే సన్నటి కంపన పెరుగుతుందని మన ఒంటికి అలవాటు. గాలి ఎక్కువైనా అదే కంపన పెరుగుతుంది. ఒళ్లు దాన్ని వేగమనుకుంటుంది. కాబట్టి ఈ పని మొత్తంలో మీరు నమ్మకూడని మొదటి సాక్షి మీ అరచేతులే.

ముందు టైరు అసలు వెడల్పు కొలవండి

టైరు మీద 28 అని రాసి ఉన్నంత మాత్రాన అది 28 మి.మీ. ఉండాలని లేదు. రిమ్ము లోపలి వెడల్పును బట్టి టైరు సాగుతుంది. ఇప్పటి వెడల్పు రిమ్ముల మీద 28 టైరు 30 వరకు వెళ్లడం మామూలే. పాత సన్నటి రిమ్ము మీద అదే టైరు 27కు కూడా పడిపోవచ్చు. గాలి కొట్టి ఒక రోజు ఆగాక, కాలిపర్‌తో మూడు నాలుగు చోట్ల కొలిచి సగటు రాసుకోండి. ఇక మీదట లెక్కలన్నీ ఈ కొలతతోనే, టైరు మీద రాసిన అంకెతో కాదు.

బొటనవేలితో నొక్కి గాలి తేల్చే అలవాటును ఇక్కడే వదిలేయాలి. వేలికి తెలిసేది టైరు గుడ్డ, అంటే రబ్బరుతో కలిసి ఉండే నేత, ఎంత బిగుసుకుందో అనే సంగతి, లోపల గాలి ఒత్తిడి కాదు. ఆ బిగువు ఒత్తిడితో పాటు వెడల్పును బట్టి కూడా పెరుగుతుంది. 25 మి.మీ. టైరులో 100 పీఎస్ఐ, 50 మి.మీ. టైరులో 50 పీఎస్ఐ ఉంటే రెండింటి గుడ్డ మీదా పడే బిగువు ఒకటే. వెడల్పు టైర్ల మీద అచ్చేసే గరిష్ఠ అంకె చిన్నదిగా ఉండడానికి కారణం కూడా ఇదే. సన్నటి టైర్లకు అలవాటుపడ్డ వేలితో వెడల్పు టైరును నొక్కి చూసి, మెత్తగా ఉందనుకుని మళ్లీ పంపు ఎత్తేవాళ్లు ఎంతమందో.

ఏ చక్రం మీద ఎంత బరువు పడుతోంది?

మీ బరువు ఒక్కటే చాలదు. బూట్లు, హెల్మెట్, నీళ్ల సీసాలు, పనిముట్లు, సంచులు, సైకిల్ అన్నీ కలపాలి. ఆ మొత్తం రెండు చక్రాల మీద సమానంగా పడదు. హ్యాండిల్ కిందికి ఉండి ముందుకు వంగి తొక్కేవాళ్లకు వెనక చక్రం మీద సుమారు 55 శాతం పడుతుంది. నిటారుగా కూర్చునే సైకిల్ మీద అది 60 శాతం దాటవచ్చు.

శాతాలతో ఊహించడం కంటే తూచడం మేలు. బరువు యంత్రం మీద వెనక చక్రం పెట్టండి. ముందు చక్రం కింద అంతే ఎత్తున్న చెక్కో పుస్తకాలో పెట్టండి, లేకపోతే సైకిల్ వాలి లెక్క తప్పుతుంది. మీరు మామూలుగా తొక్కే భంగిమలో కూర్చుని హ్యాండిల్ పట్టుకోండి. పక్కన గోడకు మోచేయి తాకీ తాకనట్టు ఉంటే నిలబడగలరు. గోడ మీద బరువు మోపకూడదు. సాయానికి వచ్చిన మనిషి అంకె చదివి రాస్తారు. తర్వాత యంత్రాన్ని ముందు చక్రం కిందికి, చెక్కను వెనక చక్రం కిందికి మార్చి మళ్లీ తూచండి. రెండూ కలిపితే మొత్తం బరువుకు రెండు మూడు కిలోల తేడాలో ఉండాలి. లేకపోతే గోడ కొంత మోసినట్టే, మళ్లీ తూచండి.

మొదలుపెట్టే అంకె

అమెరికన్ ఇంజనీరు ఫ్రాంక్ బెర్టో రకరకాల టైర్లను బరువు కింద కొలిచి ఒక పట్టిక తయారు చేశాడు. బైసికిల్ క్వార్టర్లీ అచ్చువేశాక అది సైక్లిస్టుల మధ్య బాగా పాకిపోయింది. అందులో ఉన్నది ఒకే సూత్రం: మీరు ఎక్కినప్పుడు టైరు ఎత్తు 15 శాతం కుంగేటంత గాలి ఉంచండి. బరువు ఎక్కువైతే గాలి పెంచాలి, టైరు వెడల్పైతే తగ్గించాలి.

చక్రం మీద 45 కిలోలు పడుతున్నప్పుడు ఆ లెక్క ప్రకారం సుమారుగా వచ్చే అంకెలు ఇవి. 25 మి.మీ. టైరుకు 88 పీఎస్ఐ, 28కి 73, 32కి 57, 38కి 42, 42కి 35, 50కి 25. చక్రం మీద బరువు 5 కిలోలు పెరిగితే 28 టైరుకు 9, 32కు 7, 38కి 5, 50కి 3 లేదా 4 కలపండి. తగ్గితే అంతే తీసేయండి. మీ పంపు బార్లలో చూపిస్తే 14.5తో భాగించుకోండి.

ఒక లెక్క వేసి చూద్దాం. మనిషి 68 కిలోలు, సైకిల్ 11, నీళ్లు, పనిముట్లు 4, బట్టలు, బూట్లు 2. మొత్తం 85. తూచితే వెనక 47, ముందు 38 వచ్చిందనుకోండి. టైరు కొలిస్తే 32. వెనక చక్రానికి 57కు మరో 3 కలిపి 60. ముందు చక్రానికి 7 కిలోలు తక్కువ కాబట్టి ఒక 10 తీసేస్తే 47. ముందు టైరు విషయంలో మాత్రం నేను లెక్కను అంత కచ్చితంగా పాటించను. బ్రేకు నొక్కగానే బరువంతా ముందుకు తోసుకొస్తుంది, మలుపులో దారి పట్టేది ముందు చక్రమే. కాబట్టి 47 కాకుండా 50 దగ్గర మొదలుపెట్టమంటాను.

ఇక్కడ ఒక హెచ్చరిక. మీ రిమ్ముల లోపలి అంచుకు టైరును పట్టి ఉంచే కొక్కెం లేకపోతే, అంటే హుక్‌లెస్ రకమైతే, 5 బార్, అంటే సుమారు 72 పీఎస్ఐ, దాటనే కూడదు. రిమ్ము మీదా టైరు మీదా రాసిన హద్దుల్లో ఏది తక్కువైతే అదే మీ హద్దు. లెక్కలో అంతకంటే పెద్ద అంకె వస్తే గాలి పెంచడం కాదు దారి, ఇంకాస్త వెడల్పు టైరు కొనడం.

కుంగుబాటు కళ్లతో చూడండి

అంకె వచ్చింది కదా అని ఊరుకోకుండా ఒకసారి కొలిచి చూడండి, నమ్మకం కుదురుతుంది. సైకిల్‌ను నేల మీద నిలబెట్టి, వెనక రిమ్ము కింది అంచు నుంచి నేలకు ఎంత దూరముందో స్కేలు నిలువుగా ఆనించి కొలవండి. మీరు ఎక్కి కూర్చోండి. అదే చోట మళ్లీ కొలవమనండి. 32 మి.మీ. టైరు అయితే రెండు కొలతల మధ్య తేడా 5 మి.మీ. దగ్గర ఉండాలి, 28 అయితే 4, 42 అయితే 6 పైచిలుకు. తేడా 2 మి.మీ. దగ్గరే ఆగిపోతే టైరు రాయిలా ఉన్నట్టు. 28 టైరు 8 మి.మీ. కుంగితే రిమ్ముకు ముప్పు ఉన్నట్టు.

నేలను తాకే భాగాన్ని కూడా లెక్కకట్టవచ్చు. బరువును ఒత్తిడితో భాగిస్తే దాదాపు ఆ వైశాల్యం వస్తుంది. 45 కిలోల బరువు, 3 బార్ గాలి ఉంటే టైరు సుమారు 15 చదరపు సెంటీమీటర్ల మేర నేలను పట్టుకుంటుంది. 6 బార్ కొడితే అందులో సగమే. తడి రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు ఈ సంగతి గుర్తుంటే మంచిది.

గాలి కొట్టేటప్పుడు

పంపు కొలతలను బట్టి నిర్ణయాలు తీసుకుంటున్నాం కాబట్టి, అవి ఎక్కడ తప్పుతాయో తెలిసి ఉండాలి. సన్నటి ప్రెస్టా వాల్వు అయితే కొనమీదున్న చిన్న నట్టును చివరిదాకా విప్పి, వేలితో ఒకసారి నొక్కండి. ‘పుస్’ మని గాలి వచ్చిందంటే అంటుకుపోయిన రబ్బరు విడిపోయిందన్న మాట. పంపు తలను వంకర లేకుండా నిటారుగా దూర్చి మీట బిగించండి. ముల్లు సున్నా దగ్గరే ఉంటుంది. కంగారు పడకండి, పంపు గొట్టంలోని ఒత్తిడి టైరులోని ఒత్తిడిని దాటేదాకా వాల్వు తెరుచుకోదు. రెండు మూడు పోట్లు వేశాక ముల్లు ఒక్కసారిగా లేచి ఒకచోట కుదురుకుంటుంది. అప్పుడు కనిపించేదే టైరులోని గాలి. కావలసిన అంకె రాగానే మీట ఎత్తి తల పీకేస్తారు, ‘ఫట్’ మని శబ్దం వస్తుంది. ఆ పోయిన గాలి టైరులోది కాదు, గొట్టంలోది. దాన్ని భర్తీ చేయడానికి నాలుగు పోట్లు అదనంగా వేసే పద్ధతి ఎవరైనా చెబితే వినకండి.

లోపల రబ్బరు గొట్టం తొడిగిన పాతకాలపు డన్‌లప్ వాల్వుకు పంపు ముల్లు నిజం చెప్పదు. ఆ రబ్బరును తోసి తెరవడానికే అదనపు ఒత్తిడి కావాలి కాబట్టి ముల్లు ఎక్కువ చూపిస్తుంది. అలాంటి ట్యూబులున్నవాళ్లు అంకెలు పక్కన పెట్టి, పైన చెప్పిన కుంగుబాటు కొలతతోనే పని నడిపించుకోవాలి. మోటారు వాహనాలకు గాలి నింపే యంత్రంతో సన్నటి టైర్లకు కొట్టించకండి. లోపల చోటు తక్కువ, కన్నుమూసి తెరిచేలోగా హద్దు దాటిపోతుంది.

ఏ పంపు ముల్లూ అంత కచ్చితమైనది కాదు. ముఖ్యంగా 160 పీఎస్ఐ దాకా గీతలున్న పంపు మీద 30 దగ్గర చూపించేది ఊహ కంటే కొంచెం నయం, అంతే. వెడల్పు టైర్లకు తక్కువ ఒత్తిళ్లు చూపించే విడి గేజి కొనుక్కోండి. ఆ గేజి అసలు విలువ కంటే 3 పీఎస్ఐ తప్పు చూపించినా ఫరవాలేదు. ప్రతిసారీ అదే గేజితో కొలిస్తే ఆ తప్పు కూడా ప్రతిసారీ ఒకేలా ఉంటుంది, మీ లెక్క చెడదు.

రోడ్డు మీద పరీక్ష

రెండు మూడు కిలోమీటర్ల చుట్టు దారి ఒకటి ఎంచుకోండి. అందులో కొంత నున్నటి రోడ్డు, కొంత గతుకుల రోడ్డు, ఒక మంచి మలుపు, చిన్న ఎక్కుడు ఉండాలి. మొదటి చుట్టు మీ లెక్కలో వచ్చిన గాలితో తొక్కండి. రెండో చుట్టుకు హద్దు దాటకుండా 10 పీఎస్ఐ పెంచండి. తేడా ఎలా ఉంటుందో ఒళ్లు గుర్తుపట్టాలి, అందుకని. తర్వాత నుంచి ప్రతి చుట్టుకూ సన్నటి టైర్లయితే 5, నలభై దాటిన టైర్లయితే 2 లేదా 3 చొప్పున తగ్గిస్తూ రండి. ముందు, వెనక రెండూ ఒకేసారి తగ్గించకండి. వెనకది తేలాక ముందుది.

మీరు వెతుకుతున్నది గొప్పగా అనిపించే అంకెను కాదు, కింది హద్దును. అది వచ్చిందని కొన్ని గుర్తులు చెబుతాయి. నున్నటి రోడ్డు మీద కాళ్లు వేగంగా తిప్పుతుంటే సీటు కింద సైకిల్ పైకీ కిందికీ ఊగుతున్నట్టు తెలుస్తుంది. ఎక్కుడులో లేచి నిలబడి తొక్కితే వెనక టైరు పక్కకు మెలిపడుతుంది. మలుపులో మీరు వంచిన ఒక క్షణం తర్వాత గానీ సైకిల్ వంగదు, ముందు టైరు పక్కకు జారుతున్నట్టు ఉంటుంది. గుంత అంచు తగిలినప్పుడు ‘టంగ్’ మని రిమ్ము మోగుతుంది. చివరిది వినిపిస్తే ఇక దిగవద్దు. ట్యూబు టైరుకూ రిమ్ముకూ మధ్య నలిగి రెండు సమాంతర చీలికలు పడతాయి. పాము కాటు అనే పంక్చరు అదే. ముల్లు గుచ్చుకోకుండానే ట్యూబుకు పక్కపక్కనే రెండు రంధ్రాలు కనిపిస్తే కారణం వెతుక్కోనక్కర్లేదు, గాలి తక్కువైంది.

ఈ గుర్తుల్లో ఏది ముందు కనిపించినా అక్కడినుంచి సన్నటి టైరుకు ఒక 6, 7 పీఎస్ఐ, వెడల్పు టైరుకు 3 పెంచండి. అది మీ అంకె. పై హద్దు అంత ముఖ్యం కాదు. గతుకుల రోడ్డు మీద చూపు అదిరి, చేతులు తిమ్మిరెక్కి, చక్రం నేల వదిలి గెంతుతుంటే దాన్ని దాటేశారని అర్థం.

సైకిళ్ల మీద ఆసక్తి లేని మనిషి ఇప్పుడు పనికొస్తారు. మీరు పక్కకు వెళ్లి, మీకు చెప్పకుండా గాలి మార్చి కాగితం మీద రాసుకోమనండి. కొన్నిసార్లు మార్చకుండానే మార్చానని చెప్పమనండి. మీరు టైరు నొక్కి చూడకూడదు. ప్రతి చుట్టు తర్వాత వేగంగా ఉందా, నెమ్మదిగా ఉందా, ఎంత గాలి ఉందనుకుంటున్నారో రాయండి. చివర రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. సైకిళ్ల పిచ్చి ఉన్న స్నేహితుడైతే ముఖంలోనే జవాబు చెప్పేస్తాడు. అతనికి తన సొంత అంకె ఒకటి ఉంటుంది కదా!

వేగం సంగతి ఇంకా అనుమానంగా ఉంటే దొర్లించి చూడండి. వాహనాలు రాని, గాలి వీచని చోట ఒక చిన్న వాలు ఎంచుకోండి. పైన గీత గీసి, అక్కడినుంచి తొక్కకుండా, ఒకే భంగిమలో దిగండి. కింద చదునులో ఎక్కడ ఆగిపోయారో సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఒక్కో గాలికి కనీసం నాలుగుసార్లు చేయాలి, వరుస కూడా కలగలపాలి. అంటే 80తో నాలుగుసార్లు, 60తో నాలుగుసార్లు అని కాకుండా మార్చి మార్చి. ఒకే గాలితో ఆగిన గుర్తులే ఎంత దూరం చెదిరి ఉన్నాయో చూస్తే, ఒకసారి తొక్కి చూసి తీర్పు చెప్పేసే వాళ్ల మాటను ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

అంకె దొరికాక సర్దుబాట్లు

వాన పడుతుంటే 5 పీఎస్ఐ తగ్గించండి. మట్టిదారి, కంకరదారి అయితే ఇంకా తగ్గించవచ్చు, కానీ రాళ్లు పెద్దవైతే రిమ్మును కాపాడుకోవాలి. దూర ప్రయాణానికి సామాను కట్టినప్పుడు ఊహించకండి, మళ్లీ తూచండి. వెనక సంచుల బరువు దాదాపు పూర్తిగా వెనక చక్రం మీదే పడుతుంది.

ట్యూబులెస్ టైరులో నలగడానికి ట్యూబు ఉండదు కాబట్టి మరో నాలుగైదు పీఎస్ఐ దిగవచ్చు. అయితే మరీ తగ్గిస్తే మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి క్షణకాలం విడిపోయి గాలి ఒక్కసారిగా కక్కేస్తుంది, రిమ్ముకు సొట్టలు కూడా పడతాయి.

ఎండ, చలి ప్రభావం చాలామంది అనుకున్నంత కాదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు మారితే 60 పీఎస్ఐ ఉన్న టైరులో వచ్చే తేడా రెండున్నర పీఎస్ఐ మాత్రమే. అంతకంటే ట్యూబు రకం చూసుకోండి. మామూలు బ్యూటైల్ ట్యూబులో గాలి మెల్లగా దిగుతుంది, వారానికోసారి చూస్తే సరిపోతుంది. లేటెక్స్ ట్యూబు అయితే రాత్రికి రాత్రే చెప్పుకోదగ్గంత దిగిపోతుంది, ప్రతిసారీ బయల్దేరే ముందు కొట్టుకోవాల్సిందే. దారిలో పంక్చరు వేసి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌తో నింపితే, ఆ వాయువు మామూలు గాలికంటే త్వరగా రబ్బరులోంచి బయటికి పోతుంది. ఇంటికొచ్చాక దాన్ని తీసేసి గాలి కొట్టండి, లేకపోతే మర్నాడు టైరు మెత్తబడి కనిపిస్తుంది.

గుడ్డ సన్నగా, మెత్తగా ఉండే ఖరీదైన టైరు కొంటే అంకెలు కాస్త మారతాయి. పక్కగోడ మొద్దుగా ఉండే టైరు తనంతట తానే కొంత బరువు మోస్తుంది కాబట్టి తక్కువ గాలితో నిలబడుతుంది. మెత్తటి టైరుకు రెండు మూడు పీఎస్ఐ ఎక్కువ కావాలి. నిజానికి వేగం మీద ఈ గుడ్డ ప్రభావమే గాలి కంటే ఎక్కువని బైసికిల్ క్వార్టర్లీ వాళ్ల పరీక్షల్లోనూ తేలింది. రెండు మూడు పీఎస్ఐ గురించి నిద్ర మానుకునే వాళ్లు ఆ శ్రద్ధ టైరు ఎంపిక మీద పెడితే ఫలితం కనిపిస్తుంది.

నోటుపుస్తకంలో మూడు వరుసలు చాలు: మామూలు రోజు ముందు, వెనక అంకెలు, వాన రోజువి, సామానుతో వెళ్లేటప్పటివి. పక్కన టైరు పేరు, కొలిచిన వెడల్పు, ఏ పంపుతో కొలిచారో రాసుకోండి. పంపు మారిస్తే పాత పంపుతో గాలి కొట్టిన వెంటనే కొత్త పంపుతో కొలిచి, రెండింటి తేడా అదే పేజీలో చేర్చండి.